గ్లాస్‌హ్యూటె: లాంగె వాచీల ఊరికి ఒక పగటి ప్రయాణం

మ్యాప్‌లో గ్లాస్‌హ్యూటె అని కొడితే బెర్లిన్‌కి దక్షిణాన బారుత్ దగ్గరున్న ఊరు కూడా వస్తుంది. ఆ మాటకు అర్థం గాజు బట్టీ. అందుకే జర్మనీలో ఆ పేరు ఒక్క ఊరికే పరిమితం కాలేదు. లాంగె (A. Lange & Söhne) అనే ఖరీదైన వాచీల కంపెనీ పుట్టిన ఊరు మాత్రం తూర్పు జర్మనీలోని సాక్సనీ రాష్ట్రంలో, డ్రెస్డెన్ నగరానికి దక్షిణంగా మ్యూగ్లిట్స్ లోయలో ఉంది.

బస మాత్రం డ్రెస్డెన్‌లోనే పెట్టుకోండి. గ్లాస్‌హ్యూటెలో గదులు తక్కువ, సాయంత్రానికి ఊరు సద్దుమణుగుతుంది. ఖర్చుకు వెనకాడకపోతే సెంపర్ ఒపేరా అనే సంగీత నాటకశాలకు నాలుగడుగుల దూరంలో కెంపిన్‌స్కీ వాళ్ళ తాషెన్‌బెర్గ్ ప్యాలెస్ హోటల్ ఉంది. ఈ ప్రయాణానికైతే ప్రధాన రైల్వే స్టేషన్ ఎదుట ప్రాగర్ స్ట్రాసెలో మామూలు హోటలే అనువు. పొద్దున లేచి నేరుగా బండెక్కేయొచ్చు.

ఎస్1 లేదా ఎస్2 లోకల్ రైల్లో హైడెనావు దాకా వెళ్ళి, అక్కడ ఆర్‌బి72 అనే ప్రాంతీయ రైలుకి మారాలి. అంతా కలిపి సుమారు గంట. చిక్కంతా హైడెనావులోనే. మొదటి బండి కాస్త ఆలస్యమైనా రెండోది వెళ్ళిపోతుంది, తర్వాతి దానికి చాలాసేపు కూర్చోవాలి. కాబట్టి ఒక బండి ముందే బయల్దేరండి. డ్రెస్డెన్ నగర జోన్ టికెట్ ఇక్కడిదాకా చెల్లదు. చేతిలో డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్, ప్రాంతీయ రైళ్ళలో చెల్లే నెలవారీ పాసు) ఉంటే ఇంకేమీ కొననక్కర్లేదు.

దిగగానే కనిపించే పాత స్టేషన్ భవనం ఇప్పుడు నోమోస్ వాచీ కంపెనీది. అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడకలో, 1878లో పెట్టిన వాచీల బడి భవనంలోనే, జర్మన్ గడియారాల మ్యూజియం ఉంది. మూడు గంటలు కేటాయించండి. 1,756 భాగాల గెర్ట్స్ ఖగోళ గడియారం ఒక్కటే అరగంట తినేస్తుంది.

వెండి గనులు అడుగంటి ఊరు పేదరికంలో పడ్డాక, డ్రెస్డెన్‌వాడైన ఫెర్డినాండ్ అడాల్ఫ్ లాంగె సాక్సనీ ప్రభుత్వం దగ్గర 7,820 తాలర్లు (అప్పటి వెండి నాణేలు) తీసుకుని, 1845 డిసెంబరు 7న 15 మంది శిష్యులతో ఇక్కడ పని మొదలుపెట్టాడు. పనిని విడగొట్టి ఒక్కొక్కరికీ ఒక్కో భాగం నేర్పాడు. కొలతల్ని మిల్లీమీటర్లలోకి మార్చాడు. 18 ఏళ్ళు ఊరికి మేయరుగా కూడా ఉన్నాడు.

మ్యూజియంలో భూతద్దం పెట్టి చూడాల్సింది ముప్పావు ప్లేటు, అంటే వాచీ యంత్రంలో ముప్పావు వంతును కప్పే లోహపు పలక. 1864 నాటికి ఇది తుదిరూపానికి వచ్చింది. చక్రాల ఇరుసుల పై మొనలన్నీ ఒకే పలకలో కూర్చుంటాయి కాబట్టి బిగువు బాగుంటుంది. బిగించేవాడికి మాత్రం నరకమే. అన్ని మొనలూ ఒకేసారి వాటి రంధ్రాల్లో పడాలి, ఒక్కటి పక్కకు ఒరిగినా మళ్ళీ మొదలు. పైగా పూత లేని జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు మిశ్రమం) మీద వేలిముద్ర పడితే మరక నిలిచిపోతుంది. అందుకే లాంగెలో ఇప్పటికీ ప్రతి వాచీనీ రెండుసార్లు బిగిస్తారు. మొదట సర్దుబాటుకు, తర్వాత అంతా విప్పి, శుభ్రం చేసి, మెరుగుపెట్టి, మళ్ళీ.

1945 మే 8న ఫ్యాక్టరీ మీద బాంబులు, 1948లో జాతీయీకరణ. ఆ తర్వాత లాంగె పేరు వాచీల మీద నుంచి పోయింది. మునిమనవడు వాల్టర్ లాంగె సరిగ్గా 1990 డిసెంబరు 7న కంపెనీని మళ్ళీ నమోదు చేశాడు. 1994 అక్టోబరు 24న కొత్త కంపెనీ తొలి నాలుగు మోడళ్ళు బయటికొచ్చాయి.

లాంగె ఫ్యాక్టరీ లోపలికి నేరుగా వెళ్తే రానివ్వరు. వాళ్ళ బొటీక్ (సొంత షోరూమ్) ద్వారా ముందే కుదుర్చుకోవాలి. అది కుదరలేదని ప్రయాణం మానుకోకండి, అసలు కథ మ్యూజియంలోనే ఉంది.

మిగతా సగం కథ డ్రెస్డెన్‌లో. స్వింగర్ ప్యాలెస్‌లోని గణిత భౌతిక శాల, అంటే పాత గడియారాలు, శాస్త్ర పరికరాల మ్యూజియం, సోమవారం మూత. సెంపర్ ఒపేరా గైడెడ్ టూర్లు రిహార్సళ్ళను బట్టి మారుతుంటాయి, ముందే బుక్ చేయండి. వేదిక నెత్తిన ఉన్న గడియారం కోసమే ఈ టూరు. లాంగె గురువు, తర్వాత మామగారూ అయిన గుట్‌కేస్ 1841లో చేసిన దానికి ఇది మారురూపు. ఎడమ కిటికీలో రోమన్ అంకెల్లో గంట, కుడి కిటికీలో నిమిషాలు. 1994 నాటి నాలుగింటిలో ఒకటైన లాంగె 1 వాచీలో రెండు కిటికీల్లో కనబడే పెద్ద తేదీకి ఇదే మూలం. నిమిషాల అంకె ఐదేసి నిమిషాలకోసారే మారుతుంది కాబట్టి, హాల్లోకి అడుగుపెట్టగానే చేతి వాచీ చూసుకుని వేదిక కనబడే చోట నిలబడండి. గైడు అక్కడ ఎక్కువసేపు ఆగరు.