రాచ్చిప్ప: మైలాపూర్‌లో కొనేముందు

రాచ్చిప్ప అంటే పులుసు కాచుకునే రాతి గిన్నె. చెన్నైలో దీన్ని కల్చట్టి అని అడగాలి, రాచ్చిప్ప అంటే కొట్లో తెలియదు. మైలాపూర్ కోనేటి చుట్టుపక్కల చూడండి. రెండు లీటర్లది నలుగురికి పులుసుకి సరిపోతుంది. కొనేటప్పుడు వేలి మడతతో తట్టండి. ఖంగుమనాలి. మొద్దుగా మోగితే ఎక్కడో నెర్రె ఉన్నట్టే.

కొత్తదాన్ని నేరుగా పొయ్యెక్కిస్తే పగులుతుంది. ముందు లోపలా బయటా ఆముదం, పసుపు పట్టించి ఒక రోజు ఉంచాలి. తర్వాత వారం పాటు రోజూ వేడి గంజి పోసి, చల్లారాక పారబోయాలి. ఆపైన సన్నసెగ మీద నీళ్లు కాచి చూడాలి. ‘పదును చేసిందే’ అని ఎక్కువ ధర చెప్పినా నమ్మకండి; నేను అలా నమ్మి తెచ్చినదే మొదటిసారి కడిగినప్పుడు బూడిదరంగు పొడి వదిలింది.

ఇక పులుసు. నిమ్మకాయంత చింతపండు, ఆనపకాయ ముక్కలు రెండు కప్పులు, చిన్న బెల్లం ముక్క, చెంచా బియ్యప్పిండి. కిటుకంతా ఇక్కడే: ముక్క గోటికి ఇంకా కాస్త గట్టిగా తగులుతుండగానే పొయ్యి కట్టేయాలి. రాయి వేడి వదలదు, కట్టేశాక కూడా పులుసు చాలాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. మామూలు గిన్నె లెక్కన ఉడికిస్తే ముక్కలు చిదికిపోతాయి, పిండి అడుగంటుతుంది.

వేడి చిప్పలో చన్నీళ్లు పోయకూడదు. సబ్బు వద్దు, శనగపిండి చాలు. ఇండక్షన్ పొయ్యికి పనికిరాదు. బరువు మాత్రం బాగా ఎక్కువ, నిండు చిప్ప ఒంటిచేత్తో లేవదు.