368 నుంచి 338కి: నా ఎం4లో ఎం100 స్ప్రింగ్

మార్కెట్ యార్డులో పత్తి బండి కాటా ఎక్కనిదే లోపలికి పోనట్టు, ఇంగ్లండ్‌లో ఏ ఎయిర్‌సాఫ్ట్ (బొమ్మ తుపాకులతో ప్లాస్టిక్ గుళ్లు పేల్చుకునే ఆట) మైదానానికి వెళ్లినా తుపాకీ, గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు లెక్క తేల్చుకోనిదే ఆటలోకి పోదు. పోయిన శరదృతువులో నేను ఒక తోటి ఆటగాడి దగ్గర వాడిన ఎం4 రైఫిల్ నమూనా ఏఈజీని, అంటే బ్యాటరీతో మోటారు తిరిగి పిస్టన్‌ను లాగే రకం తుపాకీని కొన్నాను. మొదటి ఆదివారమే మార్షల్, అంటే మైదానంలో ఆటను పర్యవేక్షించే ఆయన, 0.20 గ్రాముల గుళ్లతో మూడుసార్లు పేల్చి చూస్తే 366, 369, 368 ఎఫ్‌పీఎస్ (సెకనుకు అడుగులు) చూపించింది. ఆ మైదానంలో ఆటోమేటిక్‌గా పేలే తుపాకులకు హద్దు 350. ఆయన మర్యాదగానే నా తుపాకీని సంచిలో పెట్టించాడు. ఆ రోజంతా అద్దె తుపాకీతో ఆడాను.

ఇక్కడ చట్టం వేరు, మైదానం వేరు. బ్రిటన్‌లో 2017 నాటి పోలీసింగ్ అండ్ క్రైమ్ చట్టం ప్రకారం, ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే వరుసగా పేలే ఎయిర్‌సాఫ్ట్ తుపాకీకి గొట్టం మూతి దగ్గర గుండు శక్తి 1.3 జౌళ్లు, ఒక్కొక్క గుండుగా మాత్రమే పేలేదానికి 2.5 జౌళ్లు గరిష్ఠ పరిమితి. 0.20 గ్రాముల గుండు 368 ఎఫ్‌పీఎస్‌తో వెళితే అది సుమారు 1.26 జౌళ్లు, అంటే చట్టం గీసిన గీతకు వెంట్రుకవాసి లోపల ఉన్నట్టు. 350 ఎఫ్‌పీఎస్ అయితే దాదాపు 1.14 జౌళ్లు అవుతుంది. క్రోనోకూ క్రోనోకూ మధ్య నాలుగైదు అంకెల తేడా రావడం మామూలే కాబట్టి మైదానాలు చట్టం కంటే కిందనే తమ గీత గీసుకుంటాయి, అది న్యాయమే. జపాన్‌లో పరిమితి 0.98 జౌల్ అని తెలిసినవారికి ఇదేమీ కఠినంగా అనిపించదు.

నిజానికి ఈ సమీక్ష నేను కొన్న రెండో పరిష్కారం గురించి. మొదటిదాని సంగతి చెప్పకపోతే రెండోదాని విలువ తెలియదు కనుక దాన్నీ చెబుతున్నాను. మా ఊరికి కొంత దూరంలో ఉన్న ఒక రిపేరు దుకాణానికి తుపాకీ ఇచ్చి, 350 లోపలికి దించమని అడిగాను. 40 పౌండ్లు తీసుకుని వారం తరువాత తిరిగి ఇచ్చారు. వాళ్ల క్రోనో మీద నా ఎదుటే 338 వచ్చింది. సంతోషంగా వచ్చేశాను. తరువాతి ఆటలో మార్షల్ మూడుసార్లు పేలిస్తే 329, 344, 352 వచ్చాయి. మూడో అంకె చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంటికి వచ్చి సొంతంగా కొనుక్కున్న చేతి క్రోనో మీద పది గుళ్లు పేల్చి చూస్తే, కనిష్ఠం 316, గరిష్ఠం 349. ఇంత చెదిరిపోయే తుపాకీతో ముప్పై మీటర్ల అవతల ఉన్న చెట్టును కూడా నమ్మకంగా కొట్టలేము. ఒక గుండు నేల తాకుతుంది, మరొకటి తలపైనుంచి పోతుంది.

గేర్లు, పిస్టన్ ఉండే గేర్‌బాక్స్ వెనకనుంచి స్ప్రింగ్‌ను బయటికి లాగినప్పుడు కారణం కళ్ల ముందే కనిపించింది. పాత స్ప్రింగ్‌నే రెండు చుట్లు కత్తిరించి మళ్లీ పెట్టారు. కత్తిరించిన కొసను కాల్చి చదునుగా వంచలేదు, సానపట్టనూ లేదు. అది గోరులా పక్కకు పొడుచుకుని ఉంది, స్ప్రింగ్ లోపల దూరే కడ్డీ, అంటే స్ప్రింగ్ గైడు, మొదట్లో దాని గీత చంద్రవంకలా పడింది, గ్రీజు సన్నని లోహపు పొడితో బూడిదరంగుకు తిరిగింది. కొస ఒరిగి కూర్చోవడం వల్ల పిస్టన్ ఒక్కోసారి ఒక్కో తీరుగా ముందుకు వచ్చేది. స్ప్రింగ్ కత్తిరించడం కొత్త పద్ధతేమీ కాదు, ఓపికగా చేసేవారు చేస్తారు కూడా; కానీ ఉండేలు రబ్బరు తెగితే ముడివేసి వాడినంత తేలికగా ఈ పని చేస్తే ఫలితం ఇలాగే ఉంటుంది. కొందరు గుండును గొట్టంలోకి నెట్టి గాలి వదిలే నాజిల్ దగ్గర కావాలని గాలి లీకు చేసి వేగం తగ్గిస్తారు, అది ఇంతకంటే అన్యాయం.

అందుకే తైవాన్‌లో తయారైన ఒక ఎం100 స్ప్రింగ్‌ను తొమ్మిది పౌండ్లకు తెప్పించాను. ఎం తరువాతి అంకె, 0.20 గ్రాముల గుండు సెకనుకు సుమారు ఎన్ని మీటర్లు పోతుందో చెబుతుంది. ఎం100 అంటే 100 మీటర్లు, అంటే 328 ఎఫ్‌పీఎస్. ఎం110 అంటే 361. ఎం90 అంటే 295. ఇది కంపెనీల మధ్య ఒప్పందమైన ప్రమాణం కాదు, ఊహకు ఆధారం మాత్రమే. సిలిండర్‌లో గాలి ఎంత బిగువుగా నిలుస్తుంది, లోపలి గొట్టం ఎంత పొడవు, ఎంత సన్నం అన్నదాన్ని బట్టి అదే స్ప్రింగ్ రెండు తుపాకుల్లో రెండు అంకెలు చూపిస్తుంది. ప్యాకెట్ మీద ఈ ముక్క ఒక్కటైనా రాసి ఉంటే బాగుండేది. ఏ కొస ఎటు పెట్టాలో కూడా అందులో లేదు. చుట్లు దగ్గరగా ఉన్న కొసను నేను గైడు వైపు పెట్టాను.

మార్చడానికి పట్టిన సమయం ఇరవై నిమిషాలు, ఎందుకంటే నా తుపాకీలో గేర్‌బాక్స్ విప్పకుండానే స్ప్రింగ్ మార్చే ఏర్పాటు ఉంది. మ్యాగజైన్ తీసి, గొట్టం మొదట్లో గుండు మిగల్లేదని చూసుకుని, బ్యాటరీ ఊడదీసి, పిస్టన్ సగంలో ఆగి ఉండకుండా గేర్లు వెనక్కి తిరగకుండా పట్టే యాంటీ రివర్సల్ లాచ్ వదిలించిన తరువాతే స్క్రూడ్రైవర్ పట్టాలి. ఈ వరుస తప్పితే స్ప్రింగ్ ముఖం మీదికి ఎగురుతుంది, కాబట్టి ఆట కళ్లద్దాలు పెట్టుకునే కూర్చున్నాను. భుజానికి ఆనించే స్టాక్, అది అమరే గొట్టం తీశాక గైడు తల కనిపిస్తుంది. దాన్ని లోపలికి నొక్కి పావు తిప్పు తిప్పితే స్ప్రింగ్ నెమ్మదిగా చేతిలోకి వస్తుంది. విప్పిన స్క్రూలు కలిసిపోకుండా ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరుసగా వేసుకున్నాను. ఇంతకంటే మంచి సరంజామా నాకు ఏ దుకాణంలోనూ దొరకలేదు, అయితే ఆ ప్లేటును మా ఆవిడ మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

ఫలితం నేను అనుకున్నదానికంటే బాగుంది. గుండుకు వెనక్కి తిరుగుడు ఇచ్చి దూరం పంపే హాప్‌ను పూర్తిగా వదిలేసి 0.20 గ్రాములతో పది గుళ్లు పేలిస్తే 336 నుంచి 341 వరకు వచ్చాయి, సగటు 338, అంటే సుమారు 1.06 జౌళ్లు. అంతకుముందు దుకాణం వాళ్లు చూపించిందీ 338నే. అయితే అది ఒక్క గుండు అంకె, ఇది పదింటి సగటు. కొత్త స్ప్రింగ్ కొంత వాడాక మెత్తబడుతుంది కనుక వేయి గుళ్లకు పైగా పేలాక మళ్లీ కొలిచాను: 331 నుంచి 335. అప్పటినుంచి అక్కడే నిలిచింది.

క్రోనోను ఎఫ్‌పీఎస్‌లో మాత్రమే చూసి ఊరుకోకూడదని చెప్పడానికి ఇదే సందర్భం. నేను ఆడేది 0.28 గ్రాముల గుళ్లతో. అవి బరువు కాబట్టి గొట్టంలో ఎక్కువసేపు ఉంటాయి, సిలిండర్‌లో గాలి మిగిలి ఉంటే ఆ కాసేపూ వాటిని తోస్తూనే ఉంటుంది. అందువల్ల వేగం తగ్గినా శక్తి పెరగవచ్చు. స్ప్రింగ్ వేసిన రోజునే ఈ గుళ్లతో కొలిస్తే 291 వచ్చింది, అంటే దాదాపు 1.10 జౌళ్లు. నా తుపాకీలో పెరుగుదల స్వల్పమే. కానీ 345 దగ్గర సరిపెట్టుకుని బరువు గుళ్లు నింపేవారు జౌళ్ల లెక్కలో గీత దాటిపోయే ప్రమాదం ఉంది. ఇప్పుడు కొన్ని మైదానాలు ఆటగాడు వాడే గుండుతోనే కొలుస్తున్నాయి. అదే సరైన పద్ధతి.

దూరం విషయంలో నష్టం ఉంది, దాచను. హాప్‌ను మళ్లీ సరిచేసుకున్నాక కూడా నాలుగైదు మీటర్లు తగ్గినట్టుంది. దానికి బదులుగా మోటారు మీద బరువు తగ్గి ట్రిగ్గర్ చురుగ్గా స్పందిస్తోంది, బ్యాటరీ ఒక పూట ఎక్కువ వస్తోంది, గేర్ల రొద కూడా కాస్త తగ్గింది. గుళ్లు ఒకే దారిలో పోతున్నాయి కనుక ఆ నాలుగు మీటర్లు ఆటలో నాకు గుర్తుకే రావడం లేదు.

గ్యాస్‌తో పేలే తుపాకులకు ఈ స్ప్రింగ్‌తో పని లేదు; వాటి వేగం ఎండను బట్టి కూడా మారుతుంది, ఆ సర్దుబాటు ఎక్కువగా నాజిల్‌లోని వాల్వు దగ్గర జరుగుతుంది. త్వరగా మార్చే ఏర్పాటు లేని ఏఈజీ ఉన్నవారు గేర్‌బాక్స్ మొత్తం విప్పాలి. మొదటిసారి అయితే తెలిసినవారి పక్కన కూర్చుని చేయండి, లేదా దుకాణానికి ఇస్తే కొత్త స్ప్రింగ్ మీరే కొని ఇచ్చి పాతదాన్ని తిరిగి చేతికి ఇమ్మని అడగండి. పదింటి అంకెలు కాగితం మీద రాయించుకోండి. ఇదే కంపెనీది ఒక ఎం90 కూడా తెప్పించి సంచిలో పెట్టుకున్నాను, వచ్చే నెల ఇండోర్ ఆట కోసం.