జ్యూసర్ కొనేముందు పిప్పి సంగతి తేల్చుకోండి

రసాల ఉపవాసం కోసం స్లో జ్యూసర్ కొనాలా అని అడిగేవాళ్లంతా వాట్లు, చుట్లు, వారంటీ గురించే అడుగుతరు. పిప్పి ఏం చేస్తరని ఒక్కరూ అడగరు. ఈ మిషన్ మా ఇంటికొచ్చి ఏండ్లు దాటింది. నన్నడిగితే దీని విలువ సగం గ్లాసులో ఉంటే, మిగతా సగం పక్కనున్న పిప్పి డబ్బాలో ఉంది. కిలో క్యారెట్ వేస్తే రసం అర లీటరు అటూఇటూ వస్తది, మిగిలిందంతా పిప్పే. దాన్ని రోజూ చెత్తబండిలో పోసేటట్టయితే కూరగాయల పైసల్లో సగం ఆ బండెక్కినట్టే.

మాది నల్లగొండ. మిషన్ ఒంటి స్క్రూది, 200 వాట్లు, నిమిషానికి యాభై చుట్ల లోపే తిరుగుతది. ధర రూ.12 వేలు దాటింది. మిక్సీ బ్లేడు వేల చుట్లు తిరిగి కాయను నరుకుతది, ఇది మెల్లగా నలిపి పిండుతది. అందుకే నురగ తక్కువ, పిప్పి పొడిగా వస్తది, చప్పుడు ఉండదు. పొద్దున ఐదింటికి వేసినా పిల్లలు లేవరు. పోషకాలు ఎన్నో రెట్లు ఎక్కువ అనే ప్రకటనలను మాత్రం నేను పట్టించుకోను. మిక్సీలో తిప్పి పల్చటి బట్టలో పిండినా రసం రసమే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక నెల అట్లనే చేసి చూడండి. అప్పటికీ చెయ్యబుద్ధయితే మిషన్ సంగతి ఆలోచించొచ్చు.

టీవీలో మంతెన సత్యనారాయణరాజు గారి మాటలు విని రసాలు మొదలుపెట్టినోళ్లు మా బజారులో చానామంది ఉన్నరు. ఎక్కువమంది నెల తిరక్కముందే ఆపేసిన్రు. నాకు నిలబడ్డది శనివారం వల్ల. మా అత్తమ్మకు శనివారం ఒక్కపొద్దు ఎప్పటినుంచో ఉంది, నేను అదే రోజును పట్టుకున్న. ఇంట్లో ఎట్లాగూ వంట తక్కువ, వంటింట్లోంచి పోపు వాసన రాదు. ఉపవాసానికి అదే సగం బలం.

ముందు చాయ్ గురించి చెప్పాలె. ఉపవాసం రోజు మధ్యాహ్నానికి తల పగిలిపోతుంటే ఒంట్లో విషాలు బయటికి పోతున్నయని కొందరు సంబురపడ్తరు. పొద్దున చాయ్ పడలేదు, అంతే. రోజుకు నాలుగైదు కప్పులు తాగేవాళ్లు వారం ముందునుంచే ఒక్కో కప్పు తగ్గించుకుంటూ రావాలె. విషాలు కడిగే పని కాలేయం, కిడ్నీలు రోజూ చేస్తూనే ఉంటయి, మన సొరకాయ రసం కోసం ఆగవు.

నా శనివారం ఇట్ల ఉంటది: పొద్దున సొరకాయ, కీర, పుదీనా కలిపిన రసంలో ఒక నిమ్మకాయ. నకిరేకల్ పక్కనే ఉంది, నిమ్మకాయలకు మనకు కరువు లేదు. పదకొండింటికి క్యారెట్, చిన్న బీట్‌రూట్ ముక్క, అల్లం. ఎండపొద్దుకు కొబ్బరినీళ్లు. సాయంత్రం టమాట, క్యారెట్ రసంలో మిరియాల పొడి, ఉప్పు. రాత్రి ఆకలి ఆగకపోతే పల్చటి మజ్జిగ. మజ్జిగ తాగితే అది రసాల ఉపవాసం ఎట్లయితది అనేవాళ్లుంటరు, అననీ. ఇదంతా కలిపినా ఐదారు వందల క్యాలరీలే, మాంసకృత్తులైతే పేరుకే. అందుకే ఒక్క రోజు చాలంటున్న. వారం రోజులు చేసి త్రాసు మీద రెండు మూడు కిలోలు తగ్గిందని మురిసిపోయేవాళ్లను చూసిన. అందులో చానావరకు నీళ్ల బరువే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ప్రతి గ్రాముకు మూడు గ్రాముల దాకా నీళ్లను పట్టుకొని ఉంటది. అది ఖర్చయితే ఆ నీళ్లూ పోతయి, మళ్లీ అన్నం తింటే వాపసొస్తయి.

మే నెలలో మాత్రం వద్దు. ఎండ 44, 45 డిగ్రీలు కొట్టే ఊర్లో చెమటతో ఉప్పంతా పోతుంటే కడుపు మాడ్చుకోవడం కళ్లు తిరిగి పడటానికే. వానలు పడి చల్లబడ్డంక మొదలుపెడితే తేడా మీకే తెలుస్తది. మరునాడు ఆదివారం కాబట్టి మటన్ తప్పదు, కానీ అది మధ్యాహ్నానికి. పొద్దున జొన్నగట్క, మజ్జిగతోనే మొదలుపెట్టాలె.

మా మామయ్యకు షుగర్, గోలీలు వాడుతరు. ఆయనకు ఉపవాసమూ లేదు, పండ్ల రసమూ లేదు. గోలీ వేసుకొని తిండి మానేస్తే షుగర్ దబ్బున పడిపోతది. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా దీని జోలికి పోవద్దు. గ్లాసు రసానికి మూడు నాలుగు బత్తాయిలు పడ్తయి, వాటి తీపంతా ఒక్క గుక్కలో లోపలికి పోతది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో పండ్ల రసంలోని తీపిని కూడా చాయ్‌లో వేసుకునే చక్కెరతో పాటే లెక్కగట్టింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సైతం రసం కన్నా పండే తినమంటది.

ఇంకొకటి, సొరకాయ. కోసినంక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. కొంచెం చేదున్నా కాయ మొత్తం పారెయ్యాలె. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయినయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల కమిటీ వేసి మరీ చేదు రసం తాగొద్దని హెచ్చరించింది. తేనె కలిపి చేదును కప్పిపెట్టొద్దు. పచ్చి పాలకూర రసం కూడా గ్లాసులకు గ్లాసులు వద్దు, అందులో రాళ్లు కట్టించే ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీ రాళ్లున్నవాళ్లు అసలే ముట్టొద్దు. బీట్‌రూట్‌లోనూ ఆక్సలేట్లు ఉంటయి, రాళ్లున్నవాళ్లకు అదీ వద్దు. మిగతావాళ్లకు ప్రమాదం లేదు గానీ, తాగిన మరునాడు పొద్దున మా ఆయన బాత్‌రూమ్‌లోంచి బయటికొచ్చినప్పటి ముఖం చూడాల్సింది. కొందరికి ఆ ఎరుపు అట్లనే మూత్రంలో దిగుతది, భయపడొద్దు.

ఇక మన బత్తాయి. నల్లగొండలో ఉండి బత్తాయి రసం ఈ మిషన్‌లో తియ్యనంటే నవ్వుతరు. తియ్యను. స్క్రూ తొనల పొరలను, గింజలను కూడా కలిపి నలుపుతది. గ్లాసులో పోసినప్పుడు తియ్యగనే ఉంటది, కాసేపు ఆగితే చేదెక్కుతది. పొరల్లో, గింజల్లో ఉండే ఒక పదార్థం రసంలోని పులుపు వల్ల మెల్లగా లిమోనిన్‌గా మారుతది, ఆ చేదు దానిదే. బత్తాయికి రెండు వందలకు దొరికే చేతి పిండేదే మేలు, అది కూడా అప్పటికప్పుడు తాగేటట్టయితేనే. పాలమూరు సీతాఫలం, కొల్లాపూర్ మామిడి అయితే మిషన్ దరిదాపులకు కూడా రానియ్యను. మెత్తటి గుజ్జు జాలీని మూసేస్తది, పైగా అంత మంచి పండ్లను పిండడం పాపం.

పిప్పి పనికిరావాలంటే కోసేటప్పుడే చూసుకోవాలె. చెక్కు తీసి, గింజలు, తొడిమెలు ఏరెయ్యాలె. ముందు సొరకాయ వేసి ఆ పిప్పి తీసి పక్కన పెట్టాలె, తర్వాత క్యారెట్, చివరికి అల్లం, పుదీనా. అన్నీ కలిపి వేస్తే రసానికేం కాదు, పిప్పి మాత్రం ఎందుకూ కొరగాదు.

సొరకాయ పిప్పికి తపాలచెక్కను మించింది లేదు. సొరకాయ తురుముతో చేసుకునేదే, పిప్పిలో తడి తక్కువ కాబట్టి పిండికి నీళ్లు కొంచెం ఎక్కువ పడ్తయి. రెండు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు పిప్పి, నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు. నూనె రాసిన మందపాటి తపాలలో తడిచేత్తో అద్ది, వేలితో బొక్కలు పెట్టి, బొక్కకో చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్నటి మంట మీద వదిలెయ్యాలె. చిటపట తగ్గి, అంచు లేచి, అడుగు ఎర్రగా కాలితే అయినట్టు. మామూలు దానికన్నా కొంచెం మెత్తగా ఉంటది, కరకరలాడాలంటే పిప్పి తగ్గించుకోవాలె.

క్యారెట్ పిప్పి చపాతీ పిండిలో బాగా ఇముడుతది. జొన్నరొట్టెతో జాగ్రత్త. జొన్నపిండికి సాగే గుణం లేదు, పిప్పి ఎక్కువైతే తట్టేటప్పుడే అంచులు చీలుతయి. నాలుగు పిడికిళ్ల పిండికి పిడికెడు దాటనియ్యను, మరిగిన నీళ్లతోనే కలుపుత. కీర పిప్పి పచ్చిమిరపకాయలు, చింతపండు, వేయించిన పల్లీలతో రోట్లో దంచితే మంచి తొక్కు. అల్లం, పుదీనా పిప్పి ఎండలో ఆరబెట్టి చాయ్‌లోకి. క్యారెట్ హల్వా చెయ్యమని అందరూ చెప్తరు, నాకు నచ్చలే. తీపంతా రసంతో పోయింది కాబట్టి చక్కెర రెట్టింపు పడ్తది, నెయ్యి తాగుతూనే ఉంటది.

పీచు దాదాపు అంతా పిప్పిలోనే ఉంటది, క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటిన్‌లో మంచి వాటా కూడా. అట్లయితే రసం వేరే తాగి, పిప్పి వేరే తినేబదులు క్యారెటే నమిలి తినొచ్చు కదా అని అత్తమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మిగతా ఆరు రోజులు మేం చేసేది అదే.

పిప్పి ఫ్రిజ్‌లో ఒక రోజుకన్నా ఎక్కువ ఉంచొద్దు, పులిసిన వాసనొస్తది. డీప్ ఫ్రీజర్‌లో పల్చగా పరిచి పెడితే ఇంకొన్నాళ్లు ఆగుతది. మిగిలింది మా అమ్మోళ్ల బర్రె కుడితిలోకి, అదీ ఆనాటిది ఆనాడే. వానపాముల ఎరువు చేసేవాళ్లు నిమ్మ, బత్తాయి తొక్కలు ఎక్కువ వెయ్యకండి, వాటికి పడవు.

మిషన్ కడగడం పెద్ద పనే, పిండినంత సేపు కడగాలె. జాలీ సందుల్లో క్యారెట్ పీచు ఎండిందంటే బ్రష్‌కు కూడా రాదు, అందుకే రసం తాగకముందే నీళ్ల కింద పెడ్త. పిప్పి బయటికొచ్చే దారి కింద చిన్న సిలికాన్ మూత ఉంటది, దాన్ని ఊడదీసి కడగకపోతే రెండ్రోజులకు మిషనంతా పుల్లటి కంపు. రెండో ఏడు జాలీ అంచు చిట్లింది. వారంటీ మోటారుకే అన్నరు. ఊర్లో సర్వీస్ సెంటర్ లేదు, హైదరాబాద్ నుంచి కొత్త జాలీ వచ్చేదాకా మిషన్ అటక మీదనే. కాబట్టి కొనేటప్పుడు జాలీ, వాషర్లు విడిగా ఎంతకు, ఎన్నాళ్లకు దొరుకుతయో ముందే అడగండి. క్యారెట్‌ను నిలువుగా సన్నగా చీల్చి, మధ్యమధ్యలో కీర ముక్క వేస్తే జాలీ మీద ఒత్తిడి తగ్గుతది. కొత్తది వచ్చినప్పటి నుంచి అట్లనే వేస్తున్న, ఇంతవరకు చిట్లలే.