బి ఫ్లాట్ ఐరిష్ ఫ్లూటు ఆన్‌లైన్‌లో కొనేవారికి ఒక హెచ్చరిక

ఇత్తడి కట్లు, నిగనిగలాడే నల్లని చెక్క, పక్కన పచ్చ మఖమలు గుడ్డ, కింద "అసలైన ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్, బి ఫ్లాట్, కచేరీ నాణ్యత" అన్న రాత. ఇలాంటి ప్రకటన చూసి ఐరిష్ ఫ్లూటు, అంటే ఐర్లాండ్ జానపద సంగీతంలో వాయించే చెక్క వేణువు, కొనబోతున్నారా? డబ్బు కట్టకముందు ఇది చదవండి. డబ్లిన్‌లో ఉంటూ ఇక్కడి సంగీతం నేర్చుకుంటున్న నేను సరిగ్గా దాన్నే కొన్నాను. ఇంటికి వచ్చింది ఆరు రంధ్రాలున్న కర్ర.

ఐరిష్ ఫ్లూటుకు లోపలి గొట్టమే ప్రాణం. తల భాగంలో గొట్టం సమానంగా ఉండి, అక్కడి నుంచి కింది కొసకు వెళ్లేకొద్దీ సన్నబడాలి. మామూలు డి ఫ్లూటులో, అంటే అట్టడుగు స్వరం డి ఉన్నదానిలో, పైన సుమారు 19 మిల్లీమీటర్లు ఉండే వెడల్పు కిందికి వచ్చేసరికి 11, 12కు దిగుతుంది. కింది స్థాయి, పై స్థాయి రెండూ శ్రుతిలో కలిసేది దీనివల్లే. పందొమ్మిదో శతాబ్దపు లండన్ తయారీదారుల పద్ధతి ఇది. 1847లో థియోబాల్డ్ బేమ్ తిన్నని గొట్టంతో కొత్త ఫ్లూటు తెచ్చాక, పాత చెక్క ఫ్లూట్లు చౌకగా ఐరిష్ వాద్యకారుల చేతికి చేరాయి. బేమ్ కూడా గొట్టాన్ని తిన్నగా చేసి ఊరుకోలేదు, తల భాగాన్ని సన్నబరిచాడు. నాకు వచ్చినదానిలో అదీ లేదు, ఇదీ లేదు. తల భాగంలో దూర్చిన లావుపాటి మార్కర్ పెన్ను కింది కొసలో కూడా అడ్డు లేకుండా జారి నేల మీద పడింది! బయట మాత్రం కిందికి సన్నబడేలా ముచ్చటగా తరిమెన పట్టారు. ఫొటోలో కనిపించేది బయటి వైపే కదా.

ఫలితం ఊదగానే తెలిసింది. కింది స్థాయి శ్రుతి చూపే ట్యూనర్‌లో సరిగ్గా నిలిస్తే పై స్థాయి తగ్గిపోతుంది. పెదవితో పైదాన్ని ఎత్తి పట్టుకుంటే కిందిది హెచ్చుతుంది. మన వెదురు వేణువు గొట్టం కూడా తిన్ననిదే కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ అక్కడ పెదవితోనూ వేలితోనూ స్వరాన్ని సవరించుకుంటూ పోతాం, పక్కన వయొలిన్ ఉన్నా మనతో పాటు సర్దుకుంటుంది. ఇక్కడ పక్కన హార్మోనియం లాంటి అకార్డియన్ ఉంటుంది. దాని రీడ్లు ఎవరి కోసమూ జరగవు.

ఇక రంధ్రాలు. డి నుంచి బి ఫ్లాట్‌కు దిగితే గొట్టం పొడవు దాదాపు పాతిక శాతం పెరుగుతుంది, వేళ్లు మాత్రం పెరగవు. అందుకే చెయ్యి తిరిగిన తయారీదారులు ఉంగరపు వేలి రంధ్రాన్ని కాస్త పక్కకు జరిపి, చిన్నది చేసి, దగ్గరగా పెడతారు. నా ఫ్లూటు చేసిన మహానుభావుడు డి ఫ్లూటు కొలతలన్నిటినీ ఒకే లెక్కన సాగదీసినట్టున్నాడు. వేళ్ల నడిమి కణుపులతో మూసే బ్యాగ్‌పైపుల వారి పట్టు పట్టినా, నా కుడి ఉంగరపు వేలు చివరి రంధ్రపు అంచు దగ్గరే ఆగిపోయింది. వెంట్రుకవాసి సందు మిగిలినా అట్టడుగు స్వరం పలకదు, గాలి శబ్దం తప్ప ఏమీ రాదు. బి ఫ్లాట్ కొనేదే ఆ అడుగు స్వరాల గాంభీర్యం కోసం!

చెక్క గురించి ఎక్కువ చెప్పను. చెమట పట్టిన గడ్డం తుడుచుకుంటే చేతిరుమాలు నల్లబడింది. అసలు బ్లాక్‌వుడ్ నీటిలో మునిగేంత బరువు, దానికి రంగు పూయాల్సిన పనే లేదు. చలికాలం హీటర్లు వెయ్యగానే తల భాగం నిలువునా చీలింది. లోపల లోహపు గొట్టం తొడిగిన తలలకు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, చెక్క ఎండి కుంచించుకుపోయినా లోహం తగ్గదు. కాబట్టి చీలిక ఒక్కటే అయితే నేను ఇంత గోల చేసేవాణ్ని కాదు.

అసలు కోపం తెప్పించింది అమ్మకందారు జవాబు. గొట్టం సంగతి రాసి, తిరిగి పంపుతానన్నాను. ఆ చెక్క మీద అంతర్జాతీయ నిషేధం ఉందని, వెనక్కి పంపితే కస్టమ్స్‌వారు నా మీద కేసు పెడతారని బెదిరించాడు. 2017లో డాల్బెర్జియా ప్రజాతి చెక్కలన్నిటినీ సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణలోకి తెచ్చిన మాట వాస్తవం. అది నియంత్రణే, నిషేధం కాదు. పైగా 2019 నవంబరు నుంచి తయారైపోయిన వాయిద్యాలకు మినహాయింపు ఇచ్చారు. బ్లాక్‌వుడ్, శీషం (రోజ్‌వుడ్) రెండూ ఆ ప్రజాతివే. నిషేధం, కేసు అని ఎవరైనా మీతో అంటే బెదరకండి.

ప్రకటనలో ఐర్లాండ్ జెండా ఉంది, సరుకు మాత్రం యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చింది. అంటే 23 శాతం వ్యాట్, ఆ పైన సుంకం కూడా పడవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును 14 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు యూరప్ చట్టంలో ఉంది. అమ్మినవాడు మరో ఖండంలో ఉంటే ఆ డబ్బు రాబట్టడం ఎవరి తరం?

ఇంకో మోసం కూడా చూశాను. "లో డి ఫ్లూటు" (ఇంగ్లీషులో Low D) అని ప్రత్యేకంగా పేరు పెట్టి ధర పెంచుతున్నారు. మామూలు ఐరిష్ ఫ్లూటే, నిలువుగా పట్టి ఊదే లో డి విజిల్ శ్రుతిలో ఉంటుంది, చిన్న టిన్ విజిల్ దానికి ఒక స్థాయి పైన. అలాంటప్పుడు అందులో ప్రత్యేకత ఏముంది? మన లెక్కలో డి అంటే రెండు శ్రుతి, బి ఫ్లాట్ ఆరున్నర. పబ్బుల్లో నలుగురూ కూర్చుని వాయించే పాటలు ఎక్కువగా డి, జి శ్రుతుల్లో ఉంటాయి. అక్కడ బి ఫ్లాట్ పట్టుకుని కూర్చుంటే వినడమే మిగులుతుంది. ఇంట్లో ఒంటరిగానో, దానికి తగ్గ శ్రుతిలో ఉన్న మరో వాయిద్యంతోనో వాయించుకునేవారికే అది పనికొస్తుంది. మొదటి ఫ్లూటు డి అయితేనే మేలు.

అయినా బి ఫ్లాటే కావాలంటే, కింది కొస మీద స్కేలు పెట్టి తీసిన ఫొటో అడగండి. రంధ్రాల మధ్య దూరాలు మిల్లీమీటర్లలో రాయించుకుని, అట్టముక్క మీద గీసి, వేళ్లు ఆనించి చూడండి. ట్యూనర్ కనిపించేలా రెండు స్థాయిలూ నెమ్మదిగా ఊదిన వీడియో పంపమనండి. ప్రతిధ్వని కలిపిన రికార్డింగ్ ఎంత కమ్మగా ఉన్నా లెక్కలోకి తీసుకోవద్దు. పేరున్న తయారీదారుల దగ్గర నెలల తరబడి వేచి ఉండాలి, ధరా ఎక్కువే. అంత పెట్టలేకపోతే డెల్రిన్ ప్లాస్టిక్ ఫ్లూటు తీసుకోండి. చూడటానికి చెక్క అందం ఉండదు గానీ హీటరుకు చీలదు, శ్రుతిలో ఉంటుంది.

నా ఫిర్యాదు తర్వాత ఆ ప్రకటన మాయమైంది. అవే ఫొటోలు, అదే పచ్చ మఖమలుతో సహా, ఇప్పుడు మరో దుకాణం పేరుతో మళ్లీ వచ్చాయి. ఈసారి ధర కూడా పెంచారు.