మూడేళ్లు ఫ్రీ సైట్లో సినిమాలు చూశాక: నా కోపమంతా ఆ ‘అలౌ’ మీదే

హక్కుల్లేకుండా సినిమాలు పెట్టే ఆ సైటు పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, వీటి అడ్రసు మారుతూనే ఉంటుంది, పాత పేరుతో నకిలీలు పుడుతుంటాయి. పాపప్‌లు, ఉత్తుత్తి ప్లే బటన్లు అందరూ ఎరిగినవే. వాటికి నేను అలవాటుపడిపోయాను.

ల్యాప్‌టాప్ పాడైన రోజు నాన్న ఫోన్లో అదే సైటు తెరిచిచ్చాను. ‘మీరు రోబో కాదని తెలియాలంటే అలౌ నొక్కండి’ అని వచ్చిందట, ఆయన నొక్కేశారు. అది పరీక్షేమీ కాదు, నోటిఫికేషన్లు పంపడానికి బ్రౌజర్ అడిగే అనుమతి. ఆ రాత్రి నుంచే మొదలయ్యాయి: ‘మీ ఫోన్లో 5 వైరస్‌లు’, ‘మీ ఖాతా ఆగిపోయింది’. బ్రౌజర్ మూసినా వస్తూనే ఉన్నాయి. పక్కన క్రోమ్ గుర్తు కనిపించేసరికి ఫోనే చెబుతోందని నమ్మారు. తానేదో పాడుచేశానన్న భయంతో నాలుగు రోజులు నాతో అనలేదు. చివరికి ఆ నోటిఫికేషన్ చూపించిన ‘క్లీనర్’ యాప్ వేసుకున్నారు. అది యాక్సెసిబిలిటీ అనుమతి అడిగినప్పుడు అనుమానమొచ్చి నన్ను పిలిచారు. అది గనక ఇచ్చి ఉంటే తెర మీద కనిపించేదంతా ఆ యాప్ చదవగలదు, మన బదులు నొక్కగలదు కూడా. పింఛను ఖాతా ఉన్న ఫోను అది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

యాప్ తీసేసి, క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి ఆ సైటును బ్లాక్ చేశాను. నిమిషంలో అంతా సద్దుమణిగింది.

అడ్రసు పక్కన తాళం గుర్తుంది కదా అని నేనూ ధీమాగా ఉండేవాణ్ణి. దారిలో ఎవరూ తొంగిచూడకుండా కాపాడటం వరకే దాని పని, అవతలివాడు మోసగాడైతే అదేం చేస్తుంది!

ఈ సైట్లో బొమ్మ 1080పిలో, అంటే బాగా స్పష్టంగా వస్తుందని స్నేహితులకు గొప్పగా చెప్పాను, అదీ కొంత వెనక్కి తీసుకోవాలి. పగటి సీన్లు బాగుంటాయి. చీకటి, పొగ, వాన వస్తే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. బొమ్మలో చుక్కల వరుసలు 1080 ఉన్నా సెకనుకు ఇచ్చే డేటా తక్కువైతే అంతే. యాడ్స్‌తో నడిచే అధికారిక ఫ్రీ సర్వీసులో అదే సినిమా 720లో చూస్తే ముఖాలు తేటగా కనిపించాయి.

ఒంటరిగా, వేరే బ్రౌజర్ ప్రొఫైల్లో, నోటిఫికేషన్లన్నీ ఆపుకుని చూసినన్నాళ్లూ నాకు ఇబ్బంది రాలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ముట్టుకునే ఫోన్లో మాత్రం ఇక తెరవను. నాన్నకు యూట్యూబ్‌లో హక్కుదారులే పెట్టిన పాత సినిమాలు చూపిస్తున్నాను. ఆయన అడిగేవాటిలో సగం అక్కడ దొరకవు, ఆ మాట నిజం. ఇప్పుడు తెర మీద ఏ పెట్టె వచ్చినా ఆయన వేలు ఆపి నన్ను కేకేస్తున్నారు.