మూడేళ్లు, ఇద్దరు పిల్లలు, ఒకే బండి: మడతపెట్టే క్యాబిన్ స్ట్రోలర్ వాడి చూశాక

అనంతపురం నుంచి చిన్నపిల్లలతో విదేశానికి బయల్దేరితే, విమానాశ్రయం గడప తొక్కేసరికే సగం ఓపిక అయిపోయి ఉంటుంది. తెల్లారకముందే కారెక్కి మరూరు టోల్, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి దాటి, బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి చేరడానికి దాదాపు మూడు గంటలు. పిల్లలు అప్పటికే ఒక నిద్ర తీసి, కొందరైతే దారిలో వాంతి చేసుకుని ఉంటారు. విమానానికి ఇంకా మూడు గంటలుంటుంది. పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే మన బండి (స్ట్రోలర్) ఎలాంటిదో తేలేది అక్కడి నుంచే. షాపులో నున్నటి గచ్చు మీద ప్రతి బండీ బాగానే నడుస్తుంది.

మేము వాడుతున్నది మూడు మడతల రకం. బరువు ఆరున్నర కిలోలు, మడిస్తే 54 × 44 × 20 సెంటీమీటర్లు, 15 కిలోల పిల్లల వరకు మోస్తుంది. దుబాయ్‌కి రెండుసార్లు, సింగపూర్‌కి, లండన్‌కి ఒక్కోసారి వెళ్లొచ్చింది. మిగతా రోజుల్లో అనంతపురం సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల సందుల్లో తిరుగుతుంది.

ముందు ‘క్యాబిన్ సైజు’, అంటే విమానం లోపలికి వెంట తీసుకెళ్లగల కొలత, అన్న మాట సంగతి చెప్పాలి. విమానయాన సంస్థల సంఘం ఐయాటా సూచించే గరిష్ఠ కొలత 56 × 45 × 25 సెంటీమీటర్లు. పెట్టె మీద ఆ మాట వేసేది దీన్ని చూసే. కానీ చాలా సంస్థలు 55 × 40 × 20 మాత్రమే ఒప్పుకుంటాయి, బరువు ఏడు కిలోలు దాటకూడదంటాయి. మా బండి వెడల్పు 44. అంటే ఒక విమానంలో తల మీది అరలోకి వెళ్లిన బండినే ఇంకో విమానం దగ్గర ఆపుతారు. టికెట్ కొనేముందు ఆ సంస్థ కొలత చూసి, ఇంట్లో బండి మడిచి, చక్రాలతో కలిపి టేపుతో కొలుచుకోండి. కొన్ని పెట్టెల మీద చక్రాలు తీసేసిన కొలత వేస్తారు. కొలత సరిపోయినా విమానం నిండుగా ఉంటే అరలు ముందే నిండిపోతాయి, ట్యాగ్ కట్టి కింద సామానుల్లోకి పంపుతారు. అందుకే లోపలికి తీసుకెళ్తామన్న భరోసాతో ఈ బండి కొనకండి.

ట్యాగ్ కట్టేటప్పుడు కౌంటర్లో రెండు ప్రశ్నలు తప్పకుండా అడగాలి. దిగాక బండి విమానం తలుపు దగ్గరే ఇస్తారా, సామాను బెల్టు మీదికి వస్తుందా? మధ్యలో విమానం మారేచోట చేతికిస్తారా, నేరుగా చివరి ఊరికి పంపేస్తారా? ఎక్కువగా చివరి ఊరికే పోతుంది. రోజంతా తలకిందులయ్యేది ఇక్కడే. అర్ధరాత్రి వేళ నిద్రలో ఉన్న పదమూడు కిలోల బిడ్డను భుజాన వేసుకుని ఒక గేటు నుంచి ఇంకో గేటుకు ఇరవై నిమిషాలు నడవాల్సొస్తుంది. దుబాయ్‌లో ఎమిరేట్స్ వాళ్లు, సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో వాళ్లు ఉచితంగా స్ట్రోలర్లు ఇస్తారు, దిగగానే అడగండి. మిగతాచోట్లకి బిడ్డను ఒంటికి కట్టుకునే బట్ట క్యారియర్ ఒకటి చేతిసంచి పై జేబులోనే ఉండాలి. పెద్ద పెట్టెలో పెడితే లేనట్టే.

బండి అప్పగించేముందు పైకప్పు, ముందు కమ్మీ, గ్లాసు పెట్టే గిన్నె తీసి సంచిలో వేసుకోండి, మొదట విరిగేవి, పోయేవి అవే. మడిచిన బండికి ట్యాగ్ నంబరు కనిపించేలా ఒక ఫోటో తీయండి. తిరిగి తీసుకున్నప్పుడు ఏదైనా విరిగి కనిపిస్తే బయటికి రాకముందే సామాను కౌంటర్లో ఫిర్యాదు రాయించి, దాని కాపీ తీసుకోవాలి. 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను పాడైన ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వడానికి, చేతికందిన నాటి నుంచి ఏడు రోజులే గడువు. ఇంటికెళ్లి తీరిగ్గా చూద్దామనుకుంటే చేజారిపోతుంది.

ఇక మడత. ఒంటిచేత్తో మడవొచ్చని చెప్పేది నిజమే, నాలుగు షరతులున్నాయి. కింది బుట్ట ఖాళీగా ఉండాలి, వీపు పలక నిటారుగా ఉండాలి, పైకప్పు వెనక్కి మూసి ఉండాలి, ముందు చక్రాలు రెండూ ఒకే దిక్కు చూడాలి. భద్రతా తనిఖీ దగ్గర బిడ్డను దించి, బండి మడిచి, ఎక్స్‌రే బెల్టు మీద పెట్టమంటారు. వెనకాల వరుసంతా నిలబడి ఉంటుంది. ఆ తొందరలో ఒక చక్రం అడ్డం తిరిగి ఉంటే మడత నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోతుంది, టక్కుమని తాళం పడదు. అప్పుడు మోకాలితో నొక్కితే పక్కనున్న ప్లాస్టిక్ కొక్కెం చీలుతుంది. నొక్కొద్దు. తిరిగి తెరిచి, బండిని రెండడుగులు వెనక్కి లాగితే చక్రాలు రెండూ వాటంతటవే ఒకే దిక్కుకు తిరుగుతాయి. బ్రేకు వేసి మళ్లీ మడిస్తే సులువుగా పడుతుంది.

చెకిన్ దగ్గర ఇంకో ముప్పుంది. హ్యాండిల్‌కి నాలుగు కిలోల సంచి తగిలించి ఉండగా బిడ్డను ఎత్తుకుంటే బండి వెనక్కి తిరగబడుతుంది. బిడ్డ బరువుతోనే అది నిలబడి ఉంది మరి. ముందు సంచి, తర్వాత బిడ్డ: ఈ వరుస ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. పాస్‌పోర్టులు ఆ సంచిలో అసలే వద్దు, మెడకు వేసుకునే చిన్న సంచిలో ఉండాలి.

సీటు బట్ట గట్టిదే, రంగు పోలేదు. అయితే విప్పి ఉతకాలంటే పదకొండు బటన్లు తీయాలి, ఇరవై నిమిషాలు పడుతుంది. ప్రయాణంలో కుదిరే పని కాదు. బెల్టులు దూరేంత చీలికలు కోసిన పలుచని నూలు తువ్వాళ్లు రెండు పెట్టుకుంటే, వాంతి చేసుకున్నప్పుడు ఒకటి లాగేసి ఇంకొకటి పరిస్తే సరిపోతుంది. వాంతులయ్యాక తాగించే ఓఆర్ఎస్ విషయంలో ఒక జాగ్రత్త: 21 గ్రాముల పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, 4.2 గ్రాముల చిన్నది 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్‌ను కంటిచూపుతో సగం చేసి గ్లాసులో కలపకూడదు, ఉప్పు ఎక్కువై పిల్లలకు హాని. ప్రయాణానికి చిన్నవే మేలు.

తిండికి మనవాళ్లు కట్టిచ్చే బొరుగులంత మంచిది లేదు, కారదు, పులవదు. దానివల్ల పాడయ్యేది బెల్టు బకిల్. బొరుగు తునక ఒకటి ఎర్ర బటన్ సందులోకి జారి, చొంగకు తడిసి, ఎండి, జిగురు పట్టినట్టు అతుక్కుంటుంది. ఆ తర్వాత బకిల్ పైకి మూసుకున్నట్టే ఉంటుంది గానీ శబ్దం రాదు, లాగితే ఊడొస్తుంది. శబ్దం వినకుండా బండి కదిలించకండి. శుభ్రం చేయడానికి బకిల్‌ను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, బోర్లించి విదిలించి ఆరబెట్టాలి. నూనె వేయకూడదు. ఇంకో మాట, సింగపూర్ మెట్రోలో తింటే 500 సింగపూర్ డాలర్ల వరకు, దుబాయ్ మెట్రోలో 100 దిర్హాములు జరిమానా. స్టేషన్లోకి వెళ్లకముందే డబ్బా మూసేయాలి. దుబాయ్ వెళ్లేవాళ్లు అవ్వ ఇచ్చిన మసాలా పొడిలో గసగసాలు లేవని రూఢి చేసుకోండి, అక్కడ అవి నిషేధం.

చక్రాలే ఈ బండికి బలహీనత. ముందువి 13 సెంటీమీటర్లే. లిఫ్టు గుమ్మం సందులో, ఫుట్‌పాత్ రాళ్ల మధ్య ఇరుక్కుంటాయి. అలాంటిచోట ముందుభాగం ఎత్తి దాటించాలి. లండన్ భూగర్భ రైల్లో చాలా స్టేషన్లకు లిఫ్టు లేదు. మ్యాపులో నీలం వీల్‌ఛెయిర్ గుర్తుంటే వీధి నుంచి రైలు దాకా మెట్లు లేనట్టు, తెల్ల గుర్తుంటే ప్లాట్‌ఫారం దాకానే. ఆ గుర్తులు చూసి దారి ఎంచుకుంటే సగం మోత తప్పుతుంది.

నురుగు టైర్లు కాబట్టి మన తుమ్మముల్లు గుచ్చుకున్నా గాలి పోదు. చక్రం బరువెక్కడానికి కారణం వేరు: ఇరుసు చుట్టూ వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటాయి. ఆరునెలలకొకసారి చక్రం ఊడదీసి చిన్న కత్తెరతో కోసి, పొడి బ్రష్‌తో తుడిచి, సిలికాన్ స్ప్రే రెండుసార్లు కొడితే చాలు. కొబ్బరినూనె వేస్తే రెండు రోజులు మెత్తగా తిరుగుతుంది, తర్వాత మన ఎర్రదుమ్ము దానికి పట్టి బురదలా గట్టిపడి ఇరుసును అరగదీస్తుంది.

ఆరునెలల లోపు బిడ్డకు ఇది తీసుకోవద్దు, సీటు పూర్తిగా వాలదు. మెడ నిలవని పిల్లలకు కూర్చునే ఈ వాలు మంచిది కాదు. పెద్దపిల్ల 15 కిలోలకు దగ్గరయ్యాక హ్యాండిల్ ఎడమవైపుకు కొంచెం ఊగడం మొదలైంది, చిన్నోడితో మళ్లీ బాగానే ఉంది.

కొనేవాళ్లు షాపులో బిడ్డను ఎడమ చంకన ఎత్తుకుని, కుడిచేత్తో ఐదారుసార్లు మడిచి తెరిచి చూడండి, ఎవరి సాయమూ తీసుకోకుండా. బంధువుల దగ్గర పాతది తీసుకునేటట్టయితే మడత తాళం కొక్కెం మీద వెలుతురు పడేలా పట్టి చూడాలి. నల్ల ప్లాస్టిక్ మీద సన్నని తెల్ల గీత కనిపిస్తే అది చీలిక మొదలైన గుర్తు, ఆ బండి తీసుకోవద్దు.