కోమీనా, కోమియానా?

స్పానిష్ నేర్చుకునేవాళ్లు తరచూ అడిగేది ఇదే: తినడం లాంటి జరిగిపోయిన పని గురించి చెప్పేటప్పుడు కోమీ వాడాలా, కోమియా వాడాలా? తెలుగువాళ్లు దీనికి అంత టెన్షన్ పడక్కర్లేదు, ఎందుకంటే 'తిన్నాను', 'తినేవాణ్ణి' అనే తేడా మనకు ముందే ఉంది. మొదటిది కోమీ, అంటే ముగిసిపోయిన పనిని చెప్పే ఇండెఫినీడో రూపం; రెండోది కోమియా, అంటే అప్పట్లో సాగుతూ ఉన్న పనిని, అలవాటుని చెప్పే ఇంపెర్ఫెక్టో రూపం. 'తింటూ ఉన్నాను, ఇంతలో ఫోన్ మోగింది' అన్నప్పుడు కూడా తినడం కోమియానే, మోగడం మాత్రం ఇండెఫినీడోలో సోనో.

అసలు తడబాటు నిడివి దగ్గర. లిమాలో పదేళ్లు ఉన్నాను అనాలంటే, అంత పొడుగు కాలం కాబట్టి ఇంపెర్ఫెక్టో అనుకుంటారు, కానీ పదేళ్లని లెక్కకట్టి ముగించేశాం కదా, అందుకే ఇండెఫినీడోలో బీబీ డియెస్ ఆన్యోస్ ఎన్ లీమా. అయేర్, అంటే నిన్న, కనిపించగానే ఇండెఫినీడో పెట్టేయమనే చిట్కాని నేనైతే నమ్మొద్దంటాను. నిన్న ఎనిమిదింటికి వాన పడుతూ ఉందంటే ఇంపెర్ఫెక్టోలో యోబియానే.

కొన్ని క్రియలకి అర్థమే మారుతుంది. ఇంపెర్ఫెక్టోలో సాబియా అంటే అప్పటికే తెలుసు, ఇండెఫినీడోలో సూపే అంటే అప్పుడు తెలిసింది. అలాగే 'ఇష్టం లేదు' అనడానికి ఇంపెర్ఫెక్టోలో నో కేరియా అన్నవాడు ఇష్టం లేకపోయినా ఆ పని చేసి ఉండొచ్చు, ఇండెఫినీడోలో నో కీసే అన్నవాడు మాత్రం ససేమిరా అన్నట్టే.